రివర్స్ హారన్ మోగుతూనే ఉంది, మనిషి పక్కకు జరగలేదు: ఘాట్ రోడ్డు పనిలో ఏ అలారం కొనాలి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "కోరాపుట్ జిల్లాలో పొట్టంగి, సుంకి వైపు ఘాట్ రోడ్డు వెడల్పు పనిలో సైట్ ఇంజనీరుగా చేరి ఎనిమిది నెలలైంది. 140 మంది కూలీలు, 16 టిప్పర్లు, 5 పొక్లెయిన్లు. పోయిన వారం తట్ట మోస్తున్న ఒకావిడని రివర్స్‌లో వస్తున్న టిప్పర్ రాసుకుంటూ పోయింది. భుజానికి దెబ్బ తగిలింది తప్ప ప్రాణాపాయం లేదు. టిప్పర్ రివర్స్ హారన్ పనిచేస్తూనే ఉంది. ఇప్పుడు మా మేనేజరు గారు 60 స్మార్ట్ హెల్మెట్లు కొందామంటున్నారు, అమ్మేవాళ్లు వచ్చి డెమో కూడా ఇచ్చారు. కొనొచ్చా? ఇంతకంటే మంచివి ఏమైనా ఉన్నాయా?"

హెల్మెట్లు ఇప్పుడే కొనకండి. మీరు రాసిన వాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది "హారన్ పనిచేస్తూనే ఉంది" అన్న మాట. మోగే అలారం ఒకటి ఇప్పటికే ఉంది, అది ఆవిడని కాపాడలేదు. అది ఎందుకు కాపాడలేదో తెలియకుండా ఇంకో అలారం కొంటే, మోగేవి రెండవుతాయి, అంతే.

నాది రాయగడ. సైట్ల మీద ఇరవై ఆరేళ్లు అయింది, అందులో చివరి పదిహేడు సేఫ్టీ పనే. మీ ప్రశ్న చదవగానే వంశధార వైపు ఒక వంతెన పని గుర్తొచ్చింది. కంపెనీ పేరు అనవసరం. అక్కడ కాంక్రీటు తెచ్చే ట్రాన్సిట్ మిక్సర్ వెనక్కి వస్తూ ఒక హెల్పర్‌ని తొక్కేసింది. ఇరవై రెండేళ్ల కుర్రాడు. ఆ బండికీ హారన్ పనిచేస్తూనే ఉంది. తర్వాత నేను అదే చోట ఉదయం ఆరు నుంచి పదకొండు దాకా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఐదు బండ్లు, అన్నిటికీ ఒకే రకం కీక్ కీక్. మొదటి అరగంట ప్రతిసారీ తల తిప్పి చూశాను. ఎనిమిదింటికి చూడడం మానేశాను. పదింటికి నాకు అసలు వినపడడమే మానేసింది. బండ్లు వస్తున్నాయేమో అని కనిపెట్టుకుని కూర్చున్నవాడినే నేను, నా చెవే అలా అయిపోయింది. తలొంచుకుని రాడ్డు కట్టే కుర్రాడి సంగతి చెప్పేదేముంది.

మీ సైటులో ఇంకో చిక్కు ఉంది. ఘాట్‌లో ఒకవైపు కొండ కోసిన గోడ, ఇంకోవైపు లోయ. ఒకే శ్రుతిలో మోగే కీక్ కీక్ శబ్దం ఆ గోడకి కొట్టుకుని తిరిగొస్తుంది. బండి వెనకాలుందో, ముందుందో, పై మలుపులో ఉందో చెవికి తెలియదు. దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. బ్రాడ్‌బ్యాండ్ రివర్స్ అలారం అని దొరుకుతుంది, కొందరు వైట్ నాయిస్ అలారం అంటారు. అది కీచుమనదు. కాలిన పెనం మీద నీళ్లు చిలకరిస్తే వచ్చే చప్పుడులా 'చ్‌ష్... చ్‌ష్' అంటుంది. ఆ శబ్దంలో చాలా శ్రుతులు కలిసి ఉంటాయి కాబట్టి ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి వెంటనే పట్టేస్తుంది. పైగా బండి వెనక ఉన్నవాళ్లకి గట్టిగా వినపడుతుంది, దూరం పోయేకొద్దీ త్వరగా తగ్గిపోతుంది. అంటే సంబంధం లేనివాళ్ల చెవులు రోజంతా తినదు. మీ 16 టిప్పర్లకీ ముందు ఇది మార్చండి. రివర్స్ అలారం ఉండాలని భవన నిర్మాణ కార్మికుల 1998 కేంద్ర నిబంధనల్లోనే రాసి ఉంది కాబట్టి మేనేజరు గారు 'అదనపు ఖర్చు' అనడానికి లేదు.

ఇక ఆవిడ సంగతి. తట్ట మోసేవాళ్లని దగ్గర నుంచి చూడండి. దుమ్ముకి ముక్కూ చెవులూ కలిపి గుడ్డ చుట్టుకుంటారు. దాని మీద చుట్టకుదురు, దాని మీద తట్ట. మెడ తిప్పి వెనక్కి చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. పక్కనే బ్రేకర్ బిగించిన పొక్లెయిన్ రాయి కొడుతుంటే ఇంక ఏం వినపడుతుంది? అన్నిటికంటే ముఖ్యం, తట్ట మోయాలంటే హెల్మెట్ తీసేయాలి. మీ మేనేజరు గారు కొనబోయే 60 స్మార్ట్ హెల్మెట్లలో ఒక్కటి కూడా ఆవిడ తల మీద ఉండదు. దెబ్బ తగిలింది ఎవరికో వాళ్లకే అక్కరకు రాని వస్తువు కొంటున్నారు. ఈ ఒక్క మాట మీటింగులో చెప్పండి, డెమో ఇచ్చినవాళ్లు ఏం సమాధానం చెబుతారో చూడండి.

స్మార్ట్ హెల్మెట్ పనికిరాని వస్తువని నేననను. అందులో ఉండేది కదలికను కొలిచే చిన్న సెన్సరు. మనిషి పడిపోతేనో, చాలాసేపు కదలకపోతేనో కబురు పంపుతుంది, కొన్నిటిలో ఎస్ఓఎస్ బటన్ ఉంటుంది. పడిపోయాక చెప్పేది అది, పడకుండా ఆపేది కాదు. ఒంటరిగా పనిచేసేవాళ్లకి నిజంగా ఉపయోగం: రాత్రి పంపు దగ్గర ఉండేవాడు, కొండ మీద సర్వే చేసే చైన్‌మ్యాన్, కాంక్రీటు కలిపే బ్యాచింగ్ ప్లాంటు పైన ఎక్కేవాడు. మీకు నాలుగైదు చాలు. అవైనా కొనేముందు ఒకటి అడగండి, కబురు ఏ దారిలో వెళ్తుంది అని. సిమ్ కార్డు మీద నడిచేదైతే మీ ఘాట్‌లో సగం మలుపుల్లో సిగ్నల్ ఉండదు. ఫోనే మోగని చోట హెల్మెట్ ఎవరికి చెబుతుంది? లోరా అని, సిమ్ లేకుండా దూరం అందే రేడియో మీద నడిచేవి ఉన్నాయి. మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ దగ్గర లైసెన్సు అక్కర్లేని బ్యాండు ఉంది, ఎదురుగా కొండ అడ్డం లేకపోతే కొన్ని కిలోమీటర్లు అందుతుంది. కబురు అందుకునే పెట్టె, అంటే గేట్‌వే, ఒకటి ఎత్తైన మలుపులో, ఇంకోటి క్యాంపులో పెడితే సరిపోవచ్చు. కానీ వాళ్ల ఆఫీసులో కాదు, మీ మలుపుల్లో నడిచి చూపించమనండి. విశాఖపట్నంలో ఏసీ గదిలో పనిచేసిన డెమో సుంకి ఘాట్‌లో పనిచేస్తుందని నమ్మకండి.

సరే, టిప్పర్‌కి పెట్టే సెన్సర్ల సంగతికి వద్దాం. ఇక్కడ చిన్న లెక్క చేద్దాం, ఈ లెక్క తెలిస్తే ఏ సేల్స్‌మ్యాన్ మిమ్మల్ని మోసం చేయలేడు.

టిప్పర్ వెనక్కి గంటకి 8 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకోండి. సెకనుకి 2.2 మీటర్లు. అలారం మోగిన తర్వాత డ్రైవరు గ్రహించి కాలు బ్రేకు మీద పెట్టడానికి మామూలుగా సెకనున్నర. ఈలోపు 3.3 మీటర్లు పోయింది. ఎయిర్ బ్రేకు పట్టడానికి ఇంకో అర సెకను, అంటే ఇంకో మీటరు పైనే. తర్వాత కంకర మీద జారుతూ ఆగడానికి కొంత. మొత్తం మీద ఐదు మీటర్లు. వేగం 15 కిలోమీటర్లైతే ఇదే లెక్కకి పది మీటర్లు దాటుతుంది. లోడు, పల్లం, తడి కలిస్తే ఇంకా ఎక్కువ.

కార్లకి పెట్టే అల్ట్రాసోనిక్ పార్కింగ్ సెన్సర్లు రెండు మూడు మీటర్లు మాత్రమే చూస్తాయి. వాటిని టిప్పర్లకి బిగించి 'సేఫ్టీ పెట్టాం' అన్న కాంట్రాక్టర్లని చూశాను. ఆ సెన్సరు మోగేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. గోడకి గుద్దుకోకుండా చూసుకోవడానికి తప్ప మనిషిని కాపాడడానికి కాదది.

రాడార్ పదీ ఇరవై మీటర్లు చూస్తుంది. దుమ్ము, వాన, మంచు దానికి లెక్కలేదు. దేవమాలి కొండ వైపు చలికాలం పొద్దున్నే పొగమంచు ఎలా దిగుతుందో మీకు చెప్పక్కర్లేదు, అక్కడ కెమెరా గుడ్డిదైపోతుంది, రాడార్ కాదు. దాని బలహీనత వేరు. దానికి మనిషీ మట్టికుప్పా ఒకటే. డంపింగ్ దగ్గర కట్టిన మట్టి గట్టు చూసి మోగుతుంది, పక్కన నిలబెట్టిన రోలర్ చూసి మోగుతుంది. రోజుకి రెండొందల సార్లు మోగితే మూడో రోజు డ్రైవరు వైరు పీకేస్తాడు. ఒక బండిలో బజర్‌కి పాత సాక్సు కుక్కి పైన ఇన్సులేషన్ టేపు చుట్టి ఉండడం నేను చూశాను. డ్రైవరుని అడిగితే, "సార్, ఇది మోగితే నాకు ఆవలింత కూడా రాదు, తలనొప్పి వస్తుంది" అన్నాడు. అతన్ని తిట్టబోయి ఆగిపోయాను. క్యాబిన్‌లో పక్కన కూర్చుని రెండు ట్రిప్పులు వెళ్లొచ్చాక నాకూ తలనొప్పి వచ్చింది.

మనిషిని గుర్తుపట్టే కెమెరాలు ఇప్పుడు వస్తున్నాయి, ఏఐ కెమెరాలంటున్నారు. అవి మట్టికుప్పని వదిలేసి మనిషి ఆకారం కనబడితేనే మోగుతాయి. పగటిపూట బాగానే పనిచేస్తాయి. కానీ వంగి పనిచేసేవాళ్లనీ, తట్ట తల మీద పెట్టుకున్నవాళ్లనీ గుర్తుపడుతుందా అని మీరే పరీక్ష చేయాలి. నిలబడి జాకెట్ వేసుకున్న సేల్స్‌మ్యాన్‌ని గుర్తుపడితే సరిపోదు. లెన్సు మీద ఎర్రమట్టి అంటితే అయిపోయింది, ప్రతి ట్రిప్పుకీ తుడవాలి. తుడిచే మనిషి ఎవరో పేరుతో సహా నిర్ణయించకుండా కెమెరా బిగించకండి.

మూడో రకం ట్యాగులు. కూలీ దగ్గర చిన్న బిళ్ల, బండి మీద రిసీవరు. బిళ్ల ఉన్న మనిషి దగ్గరకొస్తే బండిలో మోగుతుంది, మనిషి బిళ్లా వణుకుతుంది. యూడబ్ల్యూబీ అనే రేడియోతో నడిచేవి దూరాన్ని సెంటీమీటర్లలో చెప్పగలవు, బ్లూటూత్‌వి మీటర్లలో తేడా చూపిస్తాయి. జీపీఎస్ మీద ఆధారపడినవి మీకు వద్దు, కొండ గోడ పక్కన అది ఇంకా తప్పు చెబుతుంది. తట్ట మోసేవాళ్లకి హెల్మెట్ మీద కాకుండా దండ చేతికి పట్టీలా కడితే, చెవులు కప్పుకున్నా వణుకు తెలుస్తుంది. మీ సైటుకి నేను ఎంచుకోవాలంటే డంపింగ్ దగ్గర తిరిగే టిప్పర్లకీ, పొక్లెయిన్లకీ, అక్కడ నేల మీద పనిచేసే పాతిక ముప్ఫై మందికీ ఇవి పెడతాను. 140 మందికీ కాదు.

కానీ ట్యాగుల గురించి ఒక కథ చెప్పాలి. రైల్వే లైను పని ఒకదాంట్లో కంపెనీ వాళ్లు ఉత్సాహంగా అందరికీ ట్యాగులిచ్చారు. ఆఫీసులో పెద్ద టీవీ, అందులో మనుషులు చుక్కల్లా తిరుగుతుంటారు. ఒకరోజు మధ్యాహ్నం చూస్తే ఎనిమిది చుక్కలు ఒకదాని మీద ఒకటి, ఒకే చోట, కదలకుండా ఉన్నాయి. ఏదో అయిందని పరిగెత్తాం. తీరా చూస్తే మేస్త్రీ చెట్టుకింద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఎనిమిది బిళ్లలూ అతని జేబులో ఉన్నాయి. కూలీలేమో వాటిని అతనికిచ్చేసి పనిలో ఉన్నారు. ఎందుకంటే అంతకుముందు వారం టైమ్‌కీపర్ ఎవడో ఆ టీవీ చూసి ఇద్దరికి 'ఎక్కువసేపు పని మానేశారు' అని అరపూట కూలి కోశాడు. ఆ ఇద్దరూ బయలుకి వెళ్లినవాళ్లు. అంతటితో ట్యాగు అంటే ప్రాణాలు కాపాడేది కాకుండా కూలి కోసేది అయిపోయింది. తర్వాత ఎన్ని మీటింగులు పెట్టినా ఆ సైటులో ట్యాగు మళ్లీ ఎవరి ఒంటికీ అంటలేదు.

అందుకని మొదటిరోజే రాసి పెట్టండి, ట్యాగు లెక్కలు హాజరుకీ కూలికీ వాడమని. రాయడంతో ఆగకుండా, టైమ్‌కీపర్‌కి ఆ స్క్రీన్ కనపడకుండా చేయండి. డ్రైవర్ల విషయంలోనూ అంతే. ఎవరి బండి ఎన్నిసార్లు మోగింది అన్న లెక్కని జరిమానాకి వాడితే సాక్సు మళ్లీ బజర్‌లోకి వెళ్తుంది. ఆ లెక్కని స్థలం గురించి వాడండి. ఏ మలుపులో ఎక్కువ మోగుతోంది, ఏ గంటలో మోగుతోంది అని. మా దగ్గర ఒకచోట అలా చూస్తే ఎక్కువ సార్లు మోగేది మధ్యాహ్నం పన్నెండున్నరకి, మంచినీళ్ల ట్యాంకరు దగ్గర. ట్యాంకరు టిప్పర్లు తిరిగే దారికి అవతల పెట్టారు. ట్యాంకరుని ఇవతలికి జరిపితే అలారాలు సగానికి పైగా తగ్గాయి. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఇక భాష. మీ కూలీల్లో ఎంతమందికి ఏ భాష వచ్చో లెక్క వేశారా? ఆ వైపు దేశియా, కువి, గదబ, ఒడియా, తెలుగు అన్నీ ఉంటాయి. సాలూరు సంతకి వచ్చిపోయేవాళ్లకి తెలుగు అర్థమవుతుంది, లోపలి ఊళ్ల నుంచి కొత్తగా వచ్చినవాళ్లకి కాకపోవచ్చు. టిప్పర్ డ్రైవర్లేమో బీహార్, జార్ఖండ్ వాళ్లు. 'అటెన్షన్ ప్లీజ్, దిస్ వెహికల్ ఈజ్ రివర్సింగ్' అని మాట్లాడే అలారాలు ఇక్కడ ఎవరికోసం? మాటలున్న అలారం వద్దు. చప్పుడూ వణుకూ చాలు. మనుషులు అరిచేటప్పుడు మాత్రం ఒకే మాట ఉండాలి. మేం 'ఘుంచ' అనే మాట పెట్టుకున్నాం. ఒడియాలో పక్కకు జరగమని. తెలుగువాళ్లూ, బీహారీ డ్రైవర్లూ, అందరూ అదే నేర్చుకున్నారు. రెండు రోజుల్లో వచ్చేసింది. మన తెలుగు పిల్లలు క్యాంపులో క్రికెట్ ఆడుతూ కూడా 'ఘుంచ' అని అరుచుకునేవాళ్లు.

మాట నేర్పడంతో సరిపోదు, ఎటు జరగాలో కూడా నేర్పాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు. అలారం మోగగానే మనిషి మొదట చేసేది ఆగిపోవడం, తర్వాత ధ్వని వచ్చిన వైపు తిరగడం. రెండూ తప్పే. మీ రోడ్డులో ఒకవైపు లోయ ఉంది కాబట్టి వెనక్కి దూకితే ఇంకో ప్రమాదం. అందుకని పని జరిగే ప్రతి యాభై మీటర్లకీ కొండ వైపున ఒక చోటు సున్నంతో గీసి పెట్టండి, బండి రాలేని చోటు, రెండు బండరాళ్ల అడ్డంతో. మోగితే అక్కడికి. పొద్దున పనికి ముందు పెట్టే సేఫ్టీ మీటింగులో, అదే టూల్‌బాక్స్ టాక్‌లో, ఉపన్యాసం ఇవ్వకండి. టిప్పర్ ఆపి ఉంచి హారన్ మోగించి అందర్నీ పరిగెత్తించండి. మొదటిరోజు నవ్వుతారు, నవ్వనివ్వండి. నాలుగో రోజు మీరు గడియారం పట్టుకుని చూస్తే ఎవరు ఆలస్యంగా వస్తున్నారో తెలుస్తుంది. తట్ట మోసేవాళ్లకి తట్ట కింద పడేయడానికి అనుమతి ఉందని స్పష్టంగా చెప్పండి. 'కంకర పోతే మేస్త్రీ తిడతాడు' అన్న భయంతో తట్టతోనే పరిగెత్తేవాళ్లని చూశాను.

ఇవన్నీ చెప్పాక అసలు సంగతి. వెనక్కి వెళ్లే అవసరమే తగ్గించండి. ఘాట్‌లో టిప్పర్ తిరగడానికి చోటు లేదని మూడు నాలుగు వందల మీటర్లు రివర్స్‌లో తెస్తారు, మీ దగ్గరా అలాగే ఉండి ఉంటుంది. వెడల్పు చేసిన భాగంలో మధ్యలో ఒకటి రెండు చోట్ల టర్నింగ్ పాకెట్ ముందే తవ్వించండి. ఎలాగూ తవ్వాల్సిన కొండే, వరస మారుస్తున్నారంతే. పాకెట్ నుంచి డంపింగ్ దాకా నలభై మీటర్లే రివర్స్ అయితే, అక్కడ ఒక్క సిగ్నల్‌మ్యాన్ చాలు. ఈల, ఎర్రజెండా, పచ్చజెండా, వాకీటాకీ. డ్రైవరుకి ఒకే నియమం: అద్దంలో సిగ్నల్‌మ్యాన్ కనిపించకపోతే బండి ఆగాలి. మీరు వెయ్యి సెన్సర్లు పెట్టినా ఇంతకంటే నమ్మకమైన అలారం దొరకదు. కానీ సిగ్నల్‌మ్యాన్‌గా ఎవరిని పెడుతున్నారో చూడండి. సాధారణంగా బరువు పనికి పనికిరాని ముసలాయన్నో, కొత్తగా వచ్చిన కుర్రాణ్ణో పెడతారు. ఆ మనిషి చెయ్యెత్తితే డ్రైవరు ఆగాలి, అంత మాట చెల్లేవాడు కావాలి. అతనికి కూలి కూడా మేస్త్రీతో సమానంగా ఇప్పించండి. ఒక ట్యాగు అతనికి తప్పనిసరి, ఎందుకంటే బండ్ల వెనకాల రోజంతా నిలబడేది అతనే.

పొక్లెయిన్ వెనక భాగం తిరిగే వలయంలోకి మనుషులు రాకుండా గొలుసో టేపో కట్టండి, అక్కడ సెన్సర్ల గురించి ఆలోచించే ముందు. టిప్పర్ బాడీ ఎత్తి ఉంచి కదిలితే క్యాబిన్‌లో మోగే స్విచ్ ఉంటుంది, అది పనిచేస్తోందో లేదో ఈ రోజే చూడండి. ఎత్తిన బాడీ 11 కేవీ కరెంటు తీగకి తగలడం మన వైపు కొత్త కాదు. తీగకి ఇటూ అటూ ఎత్తు చూపే గేటు కట్టడం, కర్రా ఎర్రగుడ్డా ఉంటే పూటలో అయిపోయే పని.

మీరు అడగలేదు గానీ నన్నడిగితే మీ సైటులో టిప్పర్ కంటే పెద్ద భయం కొండ. ఆ వైపు రాయి ఎక్కువగా ఖోండలైట్. పేరు చూశారుగా, అక్కడి ఖోండు గిరిజనుల పేరు మీదే పెట్టారు. పైకి గట్టిగా కనిపిస్తుంది కానీ పాతబడిన చోట ఎర్రమట్టిలా మెత్తబడిపోతుంది, నీళ్లు తాగితే పొరలు పొరలుగా జారుతుంది. కొత్తవలస–కిరందుల్ లైనులో వానాకాలం కొండచరియలు పడడం మనం వింటూనే ఉన్నాం. మీరు కింద కోస్తున్నారు కాబట్టి పైన పగుళ్లు వస్తాయి. వారానికోసారి కాదు, రోజూ షిఫ్టు మొదలయ్యే ముందు ఒకరు పైకెక్కి చూడాలి. పగులుకి ఇటొక మేకు, అటొక మేకు కొట్టి టేపుతో దూరం కొలిచి నోట్‌బుక్‌లో రాయండి. నిన్న 412 మిల్లీమీటర్లు, ఈ రోజు 418 అని ఉందంటే కింద మనుషుల్ని పెట్టకండి, నన్ను అడగక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు. దీనికి ఎలక్ట్రానిక్ రూపం కూడా ఉంది. వాలు మీద పాతే టిల్ట్ సెన్సర్లు, పగులుకి అడ్డంగా కట్టే తీగ సెన్సర్లు, వాన కొలిచే మీటరు, వీటికి కలిపిన సైరన్. ఐఐటీ మండి వాళ్లు ఇలాంటివి తక్కువ ఖర్చుతో తయారుచేసి హిమాచల్ రోడ్ల మీద పెట్టారు. మేనేజరు గారికి డబ్బు ఖర్చుపెట్టాలని నిజంగా ఉంటే 60 హెల్మెట్ల డబ్బు దీనికి పెట్టమనండి. టిప్పర్ ఒకసారికి ఒకరిని తొక్కుతుంది, కొండ ఒకసారికి పదిమందిని కప్పేస్తుంది.

పిడుగులు ఇంకోటి. పిడుగుపాటుని ఒడిశా ప్రభుత్వం 2015లోనే ప్రత్యేక విపత్తుగా ప్రకటించింది. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ మీ ఫోనులో పెట్టుకోండి, మీ చుట్టూ 20, 40 కిలోమీటర్లలో పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. నెట్ లేని చోట పాత లెక్కే గతి. మెరుపు కనబడ్డాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టండి, ప్రతి మూడు సెకన్లకీ ఒక కిలోమీటరు. ముప్ఫై లోపు వినపడితే పని ఆపి అందర్నీ బస్సులోకో క్యాంపు గదుల్లోకో పంపండి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రానివ్వకండి. రేకుల షెడ్డు, చెట్టు, టిప్పర్ కింద నీడ, ఈ మూడూ పనికిరావు.

ఇక్కడే సైరన్ల గొడవ వస్తుంది. మీ దగ్గర బ్లాస్టింగ్ సైరన్ ఎలాగూ ఉంటుంది. దానికి కొండ జారే సైరన్ ఒకటి, పిడుగు సైరన్ ఒకటి కలిస్తే కూలీలకి ఏది దేనికో తెలియదు. ఒక సైటులో బ్లాస్టింగ్ సైరన్ విని కొత్తవాళ్లు భోజనం అనుకుని బయలుదేరారు, ఎందుకంటే వాళ్లు అంతకుముందు చేసిన ఫ్యాక్టరీలో భోజనానికి సైరనే మోగేది. అందుకని సైరన్ బ్లాస్టింగ్‌కి మాత్రమే వదిలేయండి. కొండకి గంట పెట్టండి, బడి గంటలాంటి ఇనుప కడ్డీ అయినా సరే, ఆగకుండా కొడుతూనే ఉండాలి. పిడుగుకి పొడుగాటి ఈలలు. ఒక చప్పుడుకి ఒకే అర్థం. ఇవి గోడ మీద బొమ్మలతో వేయించండి, రాతతో కాదు.

అమ్మేవాళ్లు మళ్లీ వస్తే నెలరోజులు రెండు బండ్లకి ఉచితంగా బిగించి ఇవ్వమని అడగండి. ఆ నెల సిగ్నల్‌మ్యాన్ చేతికి ఒక అట్టముక్క ఇచ్చి, అలారం మోగినప్పుడల్లా ఒక గీత, నిజంగా మనిషి ఉన్నప్పుడు మోగితే ఒక సున్నా వేయమనండి. నెల చివర గీతలూ సున్నాలూ పక్కపక్కన పెట్టి చూడండి. పది గీతలకి ఒక సున్నా కూడా లేకపోతే ఆ యంత్రాన్ని డ్రైవర్లు ఎక్కువ రోజులు భరించరు. మోగాల్సినప్పుడు మోగకపోవడం ఇంకా ఘోరం. దానికి మీరే రోజూ ఒక మనిషి ఎత్తున్న బొమ్మకి జాకెట్ తొడిగి, కొన్నిసార్లు వంచి పెట్టి, బండి వెనక నిలబెట్టి పరీక్షించండి. బొమ్మనే పెట్టండి, మనిషిని కాదు. మా దగ్గర ఒకాయన ఉత్సాహంగా తనే నిలబడ్డాడు, బ్రేకు సమయానికి పడింది కాబట్టి ఇప్పుడు నవ్వుకుంటున్నాం.

ఛార్జింగు కూడా అడగండి. మీ లేబర్ క్యాంపులో కరెంటు రాత్రి ఎన్ని గంటలు ఉంటుంది? ముప్ఫై ట్యాగులు ఎవరు ఛార్జి పెడతారు, పొద్దున ఎవరు పంచుతారు, ఎవరు వెనక్కి తీసుకుంటారు? ఆ మనిషి సెలవు పెట్టిన రోజు ఏం జరుగుతుంది? ఈ ప్రశ్నకి జవాబు లేక మూలపడ్డ పరికరాల పెట్టెలు నేను కనీసం మూడు సైట్ల స్టోర్‌రూముల్లో చూశాను.

రాత్రి షిఫ్టు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే పైన చెప్పిన కెమెరాల మాట కొంచెం మారుతుంది, డంపింగ్ దగ్గర లైటు ఎంత వెడల్పున పడుతోందో ముందు చూడాలి. టిప్పర్లు తిరిగే దారి, నీళ్ల ట్యాంకరు, తట్టలు నింపే చోటు, టాయిలెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చేత్తో ఒక కాగితం మీద గీసి ఫోటో పెట్టండి, టర్నింగ్ పాకెట్ ఎక్కడ తవ్వాలో చెబుతాను. దెబ్బ తగిలిన ఆవిడ దగ్గరకి మీరే వెళ్లండి, సూపర్‌వైజర్‌ని పంపకండి. ఆ రోజు హారన్ వినపడిందా, వినపడితే ఏ వైపు నుంచి అనిపించింది, కాలు ఎందుకు కదల్లేదు, ఇవి ఆవిడ మాటల్లోనే రాసుకుని రండి. పనిలోకి రాని రోజుల కూలి ఆవిడకి అందిందో లేదో కూడా కనుక్కోండి, అది అందకపోతే మీ ప్రశ్నలకి ఆవిడ నిజం చెప్పదు.